దుమ్ము చొరని ఫోను

ఫోను కొనేటప్పుడు అది దుమ్మూ నీళ్ళూ తట్టుకుంటుందా లేదా అని చూడాలా, అక్కర్లేదా అని మా వీధిలో ఎవరికి సందేహం వచ్చినా నా దగ్గరికే వస్తారు. నేనేమీ పెద్ద చదువులు చదివినదాన్ని కాను. బడి మానేసిన నాటినుంచీ కుట్టు మిషను ముందే కూర్చున్నాను. కానీ మా అబ్బాయి ఫోను సంగతి వీధంతా విన్నది. చూసే కొనండి అని చెబుతాను. ఇంకో మాట కూడా చెప్పాలనిపిస్తుంది గానీ, అది కొట్టుకి బయలుదేరినవాళ్ళకి చెప్పే మాట కాదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

నాకు భయం పుట్టుకతో వచ్చిన జబ్బు. మబ్బు పడితే గోడ కూలుతుందనుకుంటాను. పక్కింట్లో ఎవరైనా గట్టిగా తుమ్మితే ఏదో జరిగిందని కిటికీ దగ్గరికి పరిగెడతాను. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. నేను కీడు దగ్గరే ఆగిపోతాను, మేలు దాకా పోవడానికి తీరిక ఉండదు. "నువ్వు ఒక్కరోజు హాయిగా నిద్రపోయావంటే జ్వరమేమోనని నాకు భయం" అంటాడు మా ఆయన. ఆయనకి నవ్వులాట. ఆయన కొడుకు రంపాల మధ్య నిలబడి పనిచేస్తున్నాడని ఆయనకి గుర్తుండదు, నాకు గుర్తులేని క్షణం ఉండదు.

మావాడి పని తలుపుల ఫ్యాక్టరీలో. దుంగలు ఒకవైపునుంచి లోపలికి పోతాయి, తలుపులూ కిటికీ చట్రాలూ ఇంకోవైపునుంచి బయటికి వస్తాయి. మధ్యలో మిగిలేదంతా పొట్టు. రంపాలు కోసిన పొట్టునంతా పెద్ద గొట్టాలు పీల్చుకుని వెనకాల ఉన్న ఇటుకల గదిలో పోస్తాయి. దాన్ని పొట్టుగది అంటారు. కింద చెక్క తలుపు, పైన మనిషి దూరేంత కిటికీ, దానికి ఆనించి నిచ్చెన. కింద తలుపు తీస్తే పొట్టు దానంతటదే జారి బయటికి రావాలి. ఒక్కోసారి చెమ్మకి పైపొర అట్టకట్టుకుపోయి రాదు. అప్పుడు ఎవరో ఒకరు పై కిటికీలోంచి దిగి గడకర్రతో పొడవాలి. వేడికి పొట్టు అంటుకుంటుందని లోపల బల్బు పెట్టలేదు. అందుకని ఇద్దరు పోయేవారు. ఒకడు కిటికీ దగ్గర పెద్ద టార్చి పట్టుకుని నిలబడితే, ఇంకొకడు దిగి పొడిచేవాడు.

పనిలో చేరిన కొత్తలో ఇదంతా వాడు నవ్వుతూ చెప్పాడు. నేను మాత్రం నా మీద ఒట్టు వేయించుకున్నాను, ఆ గదిలోకి దిగనని.

ఒట్టు ఒక్కటీ చాలదు కదా. మధ్యాహ్నం భోజనాల వేళకి నేను ఫోను చేస్తాను. వాడు ఎత్తక్కర్లేదు, కట్ చేస్తే చాలు. కట్ చేశాడంటే చేతికి వేళ్ళన్నీ ఉన్నట్టు. అది మా ఇద్దరి మధ్య ఒప్పందం. టక్కున ఆ రింగు ఆగిపోతే అప్పుడు నా గొంతులో ముద్ద దిగేది.

పాత ఫోనుని దుమ్ము తినేసింది. ముందు వాడి మాట నూతిలోంచి వచ్చినట్టు వచ్చేది. తర్వాత ఛార్జింగు బొక్కలో పొట్టు కూరుకుపోయి పిన్ను దిగేది కాదు, గుండుసూదితో గీకేవాడు. ఒకరోజు మధ్యాహ్నం నేను ఫోను చేస్తే ఒక ఆడగొంతు, మీరు డయల్ చేసిన నంబరు స్విచాఫ్ చేసి ఉంది అన్నది. ఎంత చల్లగా చెప్పిందో! నేను కుడుతున్న జాకెట్టు మిషను మీదే వదిలేసి, మెళ్ళో కొలతల టేపుతోటే ఫ్యాక్టరీ గేటు దాకా పరిగెత్తాను.

వాడు అక్కడే చెట్టుకింద కూర్చుని భోంచేస్తున్నాడు. చుట్టూ అందరూ ఉన్నారు.

"ఏం చెల్లెమ్మా, అల్లుడికి పాలసీసా తెచ్చావా?" అన్నాడు ఒకాయన. నడివయసు దాటిన మనిషి, కనుబొమల నిండా పొట్టు. "మెళ్ళో ఆ టేపేంటి? నిన్నటికంటే ఎంత చిక్కాడో కొలవడానికా?"

అందరూ పగలబడి నవ్వారు. ఆయన్ని రేడియో అంటారు. పొద్దున్న గేటు తెరిచిన దగ్గర్నుంచీ మూసేదాకా నోరు మూయడు. రంపాలు తిరుగుతున్నప్పుడు కూడా మాట్లాడుతూనే ఉంటాడట, ఎవరికీ వినపడకపోయినా. మావాణ్ణి అల్లుడూ అని పిలుస్తాడు, వాడు మావయ్యా అంటాడు. చుట్టరికం ఏమీ లేదు, పక్కపక్క రంపాల చుట్టరికం.

నేనూ ఊరుకోలేదు. "పాలసీసా నీకే తెచ్చేదాన్ని అన్నయ్యా, పళ్ళూడాక పనికొస్తుందని" అన్నాను. మళ్ళీ నవ్వారు గానీ మావాడు నవ్వలేదు. సాయంత్రం ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని అన్నాడు:

"నన్నిప్పుడు ఫ్యాక్టరీలో ఏమంటున్నారో తెలుసా? పాలసీసా అంటున్నారు. ఇంకోసారి గేటు దగ్గర కనిపించావంటే పని మానేసి ఎటైనా పోతానమ్మా. ఒట్టు."

ఆ ఒట్టు నా ఒట్టుకంటే గట్టిగా వినిపించింది. ఎటైనా పోతే నేను ఏ నంబరుకి ఫోను చేయాలి? అందుకే ఫోను కొట్టుకి వాడి వెంట నేనూ బయలుదేరాను.

అద్దాల బల్ల వెనక ఉన్న అమ్మాయి చురుకైనది. "ఎలాంటిది చూపించమంటారు ఆంటీ?"

"దుమ్ములో పూడ్చినా చావనిది చూపించమ్మా."

"కెమెరా బాగుండేది చూపించండి" అన్నాడు మావాడు.

"కెమెరా ఎందుకురా? నీ మొహం రోజూ చూస్తూనే ఉన్నాగా."

"నీకోసం కాదులేమ్మా."

ఆ అమ్మాయి నవ్వాపుకుంటూ రెండు ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. "దుమ్ము, నీళ్ళు అంటే దీనికి రెండంకెలుంటాయి ఆంటీ. మొదటిది దుమ్ముకి, రెండోది నీళ్ళకి. మొదటి అంకె ఆరుంటే లోపలికి ఒక్క రేణువు కూడా పోదు. రెండోది ఇలా ఎనిమిదుంటే నీళ్ళలో పడ్డా కాసేపు ఏమీ కాదు."

"కాసేపంటే?"

"ఓ అరగంట అనుకోండి."

"ఆ తర్వాత?"

"ఈలోపు ఎవరో ఒకరు తీసేస్తారుగా ఆంటీ!"

"తీసేవాళ్ళు పక్కన లేకపోతే?"

మావాడు నెత్తి కొట్టుకున్నాడు. "అమ్మా, నేను పోయేది ఫ్యాక్టరీకి, సముద్రంలోకి కాదు."

"మరి నీళ్ళు పోయి పాడైందనుకో, బాగుచేసిస్తారా?" అని అడిగాను.

"అది వారంటీలో రాదు ఆంటీ."

"అదేం న్యాయం? పోవని మీరే అంటారు, పోతే మాకు సంబంధం లేదనీ మీరే అంటారు!"

"కిందపడి పగిలినా, బయట ఎక్కడైనా విప్పించినా లోపలి రబ్బరు వదులైపోతుంది. అప్పుడు ఇక దేనికీ భరోసా ఉండదు. కొత్తగా ఉన్నన్నాళ్ళు మాత్రం ఢోకా లేదు."

"మనుషులూ అంతేలే" అన్నాను.

"నిజం చెప్పాలంటే ఆఫీసులో కూర్చునేవాళ్ళకి ఇదంత అవసరం లేదు ఆంటీ. ఓ కవరు వేసుకుంటే సరిపోతుంది. తమ్ముడు పనిచేసేది ఎక్కడ?"

"రంపాల దగ్గర."

ఆ అమ్మాయి కెమెరా ఫోను తీసి మళ్ళీ అద్దాల కింద పెట్టేసింది. "అయితే ఇదే తీసుకోండి." ధర వినగానే మావాడు నా మొహం చూశాడు. నేను గోడ చూశాను. తీసుకున్నాం.

ఆ రాత్రే నీలం గుడ్డతో దానికో సంచి కుట్టాను. మెళ్ళో వేసుకోవడానికి తాడు, పైన మూత, దానికో గుండీ. దుమ్ము చొరని ఫోనుకి సంచెందుకని మా ఆయన అడిగాడు. ఫోను జారి గొట్టంలో పడితేనో? వంగినప్పుడు రంపం మీద పడితే, దాన్ని పట్టుకోబోయి వీడు చెయ్యి పెడితేనో? ఆయన అటు తిరిగి పడుకున్నాడు.

ఆ ఫోనొచ్చాక నాకు ప్రాణం కుదుటపడింది. ఒక్కరోజు కూడా స్విచాఫ్ కాలేదు. మధ్యాహ్నం రింగు, టక్కున కట్. నేను గేటు వైపు పోవడం మానేశాను. ఉన్నట్టుండి నాకే ఆశ్చర్యం వేసేది, ఇంత తేలిక మనసుతో ఎలా ఉన్నానా అని. అయితే భయమనేది ఇల్లు ఖాళీ చేయదు, గది మారుస్తుంది, అంతే. కొన్నాళ్ళకి సంచిలో ఒక మూల గుండ్రంగా కత్తిరించి ఉండడం చూశాను.

"ఇదేంట్రా, బంగారంలాంటి సంచికి బొక్క పెట్టావ్?"

"కెమెరాకి అడ్డొస్తోందమ్మా."

మాసిక వేశాను. వారం తిరక్కుండా మళ్ళీ అక్కడే కత్తిరించుకొచ్చాడు. అలాంటి అనుమానమే ఇంకోటి. ఒక ఆదివారం వాడు స్నానానికి పోయినప్పుడు ఫోను మోగితే ఎత్తాను. అవతల ఆడగొంతు. నా గొంతు వినగానే "అయ్యో, ఇవాళ సెలవు కదూ, మర్చేపోయా" అని పెట్టేసింది. ఎవరో పిల్ల మావాణ్ణి వలలో వేసుకుందనీ, రేపోమాపో ఎవడో అన్నయ్య కర్ర పుచ్చుకుని మా గుమ్మంలో నిలబడతాడనీ నాకు ఆ కాస్తలోనే తోచింది.

వాడు తల తుడుచుకుంటూ వచ్చి నవ్వాడు. "పిల్లా పాడా! మా అత్తయ్య. రేడియో మావయ్య భార్య. మావయ్య ఫోను దుమ్ముకి ఎప్పుడో పోయింది. మధ్యాహ్నం తిన్నాడా లేదా అని నా ఫోనుకే చేస్తుంది. అచ్చం నీలాగే. కాకపోతే ఆవిడ కట్ చేస్తే ఊరుకోదు, మాట్లాడాలి."

ఆ మాట విన్నాక ఎన్నడూ చూడని ఆ మనిషి మీద నాకు అభిమానం పుట్టింది. రేడియో మీద కూడా, కొంచెం.

ఆ రోజు నేను దారాల కోసం బయటికొచ్చాను. దారాల కొట్టు ఫ్యాక్టరీ వెనక వీధిలోనే ఉంటుంది. గోడ అవతలినుంచి రంపాల మోత వినిపిస్తూ వినిపిస్తూ ఆగిపోయింది. భోజనాల వేళ అయిందన్నమాట. కొట్టువాడు ముదురాకుపచ్చ దారం వెతుకుతుండగా ఫోను చేశాను.

రింగయింది. అవుతూనే ఉంది. ఎవరూ కట్ చేయలేదు. దానంతటదే ఆగిపోయింది.

మళ్ళీ చేశాను. మళ్ళీ అంతే. మా ఆయనకి చేశాను.

"రింగవుతోందా?" అన్నాడు.

"అవుతోంది."

"అయితే ఇంకేం? స్విచాఫ్ అయితే భయపడతావు, రింగయితే భయపడతావు! అంత పెట్టి కొన్నది ఎందుకే? ఫోను బతికే ఉంది. చేతులు కడుక్కుంటున్నాడేమో. నువ్వు మాత్రం గేటు దగ్గరికి పోకు. వాడు ఒట్టు పెట్టాడు, గుర్తుందిగా."

గుర్తుంది. ఫోను బతికే ఉంది, నిజమే. కానీ నేను ఇన్నాళ్ళూ వింటున్నది రింగు కాదు, రింగు ఆగడం. ఆ తేడా ఆయనకి ఎలా చెప్పాలో తెలియలేదు. దారం తీసుకోకుండానే బయలుదేరాను.

గేటు దగ్గర కాపలావాడు నన్ను గుర్తుపట్టి పక్కకి జరిగాడు, మొహంలో నవ్వు దాచుకుంటూ. చెట్టుకింద అందరూ గిన్నెలు విప్పుకుంటున్నారు. మావాడు లేడు. "ఇందాకే ఎటో పోయాడమ్మా, వచ్చేస్తాడు కూర్చోండి" అన్నారు ఎవరో. కూర్చునే మనిషిని కాను కదా నేను. షెడ్డు పక్కనుంచి వెనక్కి నడిచాను, ఫోను చెవికి ఆనించుకునే. రంపాలన్నీ ఆగి ఉన్నాయి. ఎక్కడ అడుగేసినా పొట్టు, మెత్తగా, చప్పుడు లేకుండా.

అప్పుడు విన్నాను. చెవిలో ఒక రింగు, ఎదురుగా ఇంకొక రింగు. ఎదురుగా వినిపించేది సన్నగా, దిండు కింద పెట్టినట్టు వస్తోంది. మావాడి ఫోను పాటే. పొట్టుగది చెక్క తలుపు వెనకనుంచి.

నేను తలుపుకి చెవి ఆనించాను. లోపలే. పైన కిటికీ తెరిచి ఉంది. నిచ్చెన ఆనించి ఉంది. నిచ్చెన దగ్గర టార్చి పట్టుకున్న మనిషి ఎవరూ లేరు.

ఒట్టు తప్పాడు, నా కొడుకు ఒట్టు తప్పాడు అనుకున్నాను. అది తప్ప ఇంకేమీ తోచలేదు. అరిచానో లేదో తెలియదు. తలుపు చెక్కల్ని గోళ్ళతో పట్టుకుని లాగుతున్నాను.

"అమ్మా! మళ్ళీ వచ్చావా?"

వెనక్కి తిరిగాను. చేతిలో నీళ్ళ సీసాతో వాడు నిలబడి ఉన్నాడు. నిలువెత్తు మనిషి. రెండు చేతులూ, పది వేళ్ళూ, మొహం నిండా విసుగూ.

ఆ క్షణం నాకు కలిగిన సంతోషం గురించి రాయాలంటే చెయ్యి ఆడటం లేదు. వాడి చెంప మీద ఒకటి కొట్టాను. వాణ్ణి పట్టుకుని నవ్వాను. ఏడుస్తూ, ఎగశ్వాసతో, గట్టిగా నవ్వాను. నా చేతిలో ఫోను ఇంకా రింగవుతూనే ఉంది. తలుపు వెనక కూడా.

వాడు విన్నాడు. చేతిలో సీసా కిందపడింది.

"ఫోను మావయ్య దగ్గరుందమ్మా" అన్నాడు.

తర్వాత అంతా అరుపులే. "మావయ్యా!" అని అరుస్తూ వాడు నిచ్చెనెక్కి కిటికీలోకి తొంగిచూశాడు. పొట్టు చదునుగా లేదట, మధ్యలో పెద్ద గుంట పడి ఉందట. పైన గట్టి నేలలా కనిపించిన పొర కింద అంతా డొల్ల. దాని మీద అడుగేసిన మనిషిని మింగేసి, చుట్టూ ఉన్నదంతా పైన పోసుకుంది. చెట్టుకింద ఉన్నవాళ్ళంతా గిన్నెలు వదిలేసి పరిగెత్తుకొచ్చారు. సూపర్‌వైజరు కూడా మూతి తుడుచుకుంటూ వచ్చాడు.

"కింద తలుపు తీయొద్దు, మొత్తం ఒక్కసారిగా కూలుతుంది" అన్నాడు ఒకడు.

"తీయకపోతే ఎలా?" అన్నాడు ఇంకొకడు.

"ఒంటరిగా దిగమని వాడికెవరు చెప్పారసలు?" అన్నాడు సూపర్‌వైజరు.

నిచ్చెన మీదనుంచి మావాడు తిరిగాడు. వాడి గొంతు అలా ఉండడం నేనెప్పుడూ వినలేదు. "మీరే కదా సార్! టార్చి పట్టుకోవడానికి ఇంకో మనిషి ఎందుకు, కుర్రాడి ఫోనుకి దుమ్ము ఎక్కదుగా, మెళ్ళో వేసుకుని పొండి అన్నది ఎవరు?"

సంచికి బొక్క ఎందుకు పెట్టాడో అప్పుడు అర్థమైంది. కెమెరా పక్కనే దీపం ఉంటుంది. ఆ దీపం బయటికి కనపడాలని. మావాడు నాకిచ్చిన మాట తప్పలేదు, ఎప్పుడూ లోపలికి దిగలేదు. దిగేవాడి మెళ్ళో నేను కుట్టిన సంచి వేసి పంపేవాడు. ఇద్దరి పని ఒక్కడి పని అయింది.

నడుములకి తాళ్ళు కట్టుకుని ఇద్దరు పైనుంచి దిగారు, మావాడొకడు. నా ఒట్టు గురించి నేనూ మాట్లాడలేదు, వాడూ మాట్లాడలేదు.

"ఎక్కడని తవ్వాలిరా? గది నిండా ఉంది!"

"అమ్మా!" లోపలినుంచి వాడి కేక. "ఫోను ఆపకు! కొడుతూనే ఉండు!"

కొడుతూనే ఉన్నాను. రింగు దానంతటది ఆగిపోయినప్పుడల్లా మళ్ళీ నొక్కాను. ఎవరూ మాట్లాడొద్దని సైగ చేశారు. అంత పెద్ద ఫ్యాక్టరీలో పారల చప్పుడూ, ఆ సన్నటి పాటా తప్ప ఏమీ లేదు. మొదట దిండు కింద ఉన్నట్టున్న పాట, ఆ తర్వాత దుప్పటి కింద ఉన్నట్టయింది, ఆ తర్వాత గదిలో ఉన్నట్టయింది. పాట స్పష్టమయ్యేకొద్దీ నాలో ఆశ పెరిగింది. జీవితంలో మొదటిసారి కీడు ఎంచకుండా మేలు ఎంచాను. బతికే ఉంటాడు, బయటికొచ్చి కనుబొమలు దులుపుకుని, పాలసీసా తెచ్చావా చెల్లెమ్మా అంటాడు. ఆ మాట కోసం చెవులు రిక్కించుకుని నిలబడ్డాను.

తాళ్ళతో పైకి లాగి, నిచ్చెన మీదుగా దించి, నేల మీద పడుకోబెట్టారు. ముక్కుకి కట్టుకున్న చేతిరుమాలు మెడకి జారి ఉంది. పలచటి గుడ్డ, చూడగానే నాకు తెలుస్తుంది, వెలుతురు కనపడే గుడ్డ. ముక్కులో పొట్టు, నోట్లో పొట్టు, రెప్పల కింద పొట్టు. ఒకడు వేళ్ళతో నోరు తీసి శుభ్రం చేశాడు. ఒకడు గుండె మీద చేతులు పెట్టి నొక్కాడు. నొక్కుతూనే ఉన్నాడు. అంబులెన్సు వాళ్ళు వచ్చి వాడి భుజం మీద చెయ్యి వేసేదాకా ఆపలేదు.

రోజంతా మాట్లాడే మనిషి. ఆయన మాట వినపడనప్పుడే అనుమానం రావాల్సింది, అని మావాడు గోడకి ఆనుకుని అంటున్నాడు. "అత్తయ్య ఫోను చేస్తే వింటూ ఉండిపోయాడనుకున్నానమ్మా. ఆవిడ మాట్లాడితే ఎప్పుడూ అంతేగా. అలా అనుకుని నీళ్ళకి పోయాను."

ఆయన మెళ్ళోంచి తీసిన నీలం సంచి వాడి చేతిలో ఉంది. గుండీ పెట్టినది పెట్టినట్టే ఉంది. సంచి విప్పి ఫోను తీసి చొక్కాతో ఒకసారి తుడిచాడు. అద్దం తళతళలాడింది. గీత లేదు. దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. కొట్టులో ఆ అమ్మాయి అబద్ధం చెప్పలేదు, ఒక్క రేణువు కూడా లోపలికి పోలేదు.

ఫోనుని అంత గట్టిగా మూయడం వచ్చిన లోకానికి ఆ ముక్కుకి ఒక గట్టి గుడ్డ కట్టడం రాలేదా? కొట్టులో ఆ అమ్మాయిని అన్ని ప్రశ్నలతో విసిగించిన నాకైనా ఈ ప్రశ్న రాలేదు.

"ఫోను చూసుకుంటూ నడిచుంటాడు" అంటున్నాడు సూపర్‌వైజరు ఎవరితోనో. "రేపట్నుంచి పొట్టుగదిలోకి ఫోన్లు బంద్ అని బోర్డు పెట్టించాలి."

అప్పుడు ఫోను మోగింది.

ఈసారి చేసింది నేను కాదు. అద్దం మీద 'అత్తయ్య' అని ఉంది. మావాడు దాన్ని చూశాడు.

"ఎత్తొద్దు" అన్నాడు సూపర్‌వైజరు. "ఇప్పుడే చెప్పడం మంచిది కాదు. ఆఫీసునుంచి ఎవరైనా పోయి నెమ్మదిగా చెబుతారు. కట్ చెయ్."

కట్ చెయ్యమన్నాడు. కట్ చేస్తే మా ఇంట్లో దాని అర్థం ఏమిటో ఆయనకి తెలియదు. వేళ్ళన్నీ ఉన్నాయని. బానే ఉన్నాడని. మావాడి బొటనవేలు ఎర్రగుర్తు మీదకి పోతోంది. నేను ఫోను లాక్కున్నాను.

"ఏమయ్యా రేడియో," అన్నది అవతలి గొంతు, "ఇందాకట్నుంచీ చేస్తున్నా, లైను కలవదే! ఎవరితో అంత కబుర్లు? తిన్నావా లేదా?"

లైను కలవకపోవడానికి కారణం నేనే. ఆపకుండా కొట్టింది నేనే.

"వదినా, నేను. ఫోను కుర్రాడి అమ్మని."

"ఓ! మీరా వదినా!" ఆవిడ నవ్వింది. "ఎన్నాళ్ళనుంచో మాట్లాడాలనుకుంటున్నా. మీరు ఆ ఫోను కొనబట్టి నేను మధ్యాహ్నం పూట ఇంత ముద్ద తినగలుగుతున్నా. లేకపోతే సాయంత్రం దాకా నాకు గుండె కుదురుగా ఉండదు. మా ఆయన చెబుతాడు, మీదీ నాలాంటి గుండేనట. పాలసీసా కథ రోజుకోసారి చెబుతాడు. కోపం పెట్టుకోకండేం, ఆయన నోరే అంత."

"కోపం లేదు" అన్నాను.

"ఏడీ, ఇవ్వండి ఓసారి."

ఈ ఫోను కోసం నేను బతుకంతా ఎదురుచూశాను. ఎవరో చేస్తారు, ఎవరిదో తెలియని గొంతు, ముందు పేరడుగుతుంది, తర్వాత కంగారు పడకండి అంటుంది. కుడుతూ కుడుతూ ఎన్నిసార్లు విన్నానో ఆ గొంతుని. అది అబద్ధాలాడుతుంది. కొంచెం దెబ్బ తగిలిందంటుంది, ఒకసారి వచ్చిపొమ్మంటుంది. దానికి నేను ఏ జవాబు చెబుతానో, మిషను ఆపుతానో లేదో, పైన దీపం ఆర్పుతానో లేదో, అన్నీ ఎప్పుడో అనుకుని పెట్టుకున్నాను. ఆ గొంతు నాదవుతుందని మాత్రం ఒక్కసారి కూడా అనుకోలేదు.

కంగారు పడకండి అనలేదు. ఒకసారి వచ్చిపొమ్మనీ అనలేదు.

"వదినా," అన్నాను, "పొయ్యి మీద ఏమన్నా ఉందా?"

అవతల గరిటె చప్పుడు ఆగింది.

"ఉంది" అన్నది. గొంతు మారిపోయింది.

"దించేసి పొయ్యి ఆర్పు. ఆర్పి, కూర్చో. తలుపు వేసుకోకు. నేను వస్తున్నాను. నేను వచ్చేదాకా ఈ ఫోను పెట్టను, నువ్వూ పెట్టకు."

పొయ్యి టక్కున ఆగిన చప్పుడు నా చెవిలో వినిపించింది. తర్వాత కుర్చీ లాగిన చప్పుడు. నేను ఫోనుని చెవికి అలాగే అదుముకుని, దారి చూపించమని మావాడికి సైగ చేసి, గేటు వైపు నడిచాను.